మనిషి లేకుండా ఫోటో తీసే కెమెరా ట్రిగ్గర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పొద్దున్నే ఒక ముంగిస వస్తుంది. తలుపు కిర్రుమంటే చాలు, గోడ కింద కంతలోకి దూరిపోతుంది. దాని ఫోటో కోసమే ఈ సర్క్యూట్ కట్టాను. ఏదైనా జీవి ఎదుటికి వస్తే దాని ఒంటి వేడిని పీఐఆర్ సెన్సర్ పసిగడుతుంది, సర్క్యూట్ కెమెరా షట్టర్ నొక్కుతుంది. ఫోటోలు చూసి కట్టుకుందామనుకున్నవాళ్లందరూ ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను. ఎక్కడి నుంచైనా చదవొచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ సర్క్యూట్ కెమెరాను ఏం చేస్తుంది? కెమెరా పాడవదు కదా?

షట్టర్ బటన్ మీద మన వేలు చేసే పనే చేస్తుంది. కెమెరా పక్కన రిమోట్ కోసం ఉండే చిన్న సాకెట్‌లో మూడు కనెక్షన్లు ఉంటాయి: గ్రౌండ్, ఫోకస్, షట్టర్. ఫోకస్‌ను గ్రౌండ్‌తో కలిపితే బటన్ సగం నొక్కినట్టు. షట్టర్‌ను కూడా కలిపితే పూర్తిగా నొక్కినట్టు. అంతే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కెమెరాలోకి మనం కరెంటు పంపకూడదు. దాని తీగలను దానికే కలుపుతున్నాం. 9 వోల్టుల బ్యాటరీ తీగ పొరపాటున ఆ సాకెట్‌కు తగిలితే కెమెరా పోయే ప్రమాదం ఉంది. అందుకే మధ్యలో ఆప్టోకప్లర్ అనే నాలుగు కాళ్ల బుల్లి ఐసీ పెడతాం. దాని లోపల ఒకపక్క ఎల్ఈడీ, రెండోపక్క వెలుతురు పడితే తెరుచుకునే ట్రాన్సిస్టర్ ఉంటాయి. రెంటి మధ్య నడిచేది వెలుతురు మాత్రమే, తీగ లేదు. సర్క్యూట్‌లో మనం ఏ తప్పు చేసినా అది కెమెరా దాకా పోదు. ఐదారు రూపాయలు మిగులుతాయని దీన్ని మాత్రం వదిలేయకండి.

నాకు ఎలక్ట్రానిక్స్ అస్సలు రాదు. కట్టగలనా?

కట్టగలరు. ఇందులో ఉన్నవి ఒక సెన్సర్, ఒక ట్రాన్సిస్టర్, ఒక ఆప్టోకప్లర్, ఒక ఎల్ఈడీ, రెండు రెసిస్టర్లు. మొదట బ్రెడ్‌బోర్డు అనే కంతల పలక మీద గుచ్చి చూసుకుంటే సోల్డరింగ్ కూడా అక్కర్లేదు. ఒక ఆదివారం సాయంత్రం సరిపోతుంది. నిజంగా సహనం కావాల్సింది ఆ తర్వాత, పెరట్లో సెన్సర్‌ను ఏ మూల పెట్టాలో తేల్చుకునేటప్పుడు.

కెమెరాలోనే ఇంటర్వెల్ టైమర్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

మొగ్గ విచ్చుకోవడమో మబ్బులు కదలడమో తీయాలంటే కెమెరాలో ఉన్న టైమరే చాలు, ఏమీ కట్టకండి. జీవాలు మాత్రం టైము చూసుకుని రావు. పది సెకన్లకొక ఫోటో చొప్పున తీస్తే గంటకు 360 ఫోటోలు, అన్నీ ఖాళీ తొట్టివే. వచ్చినప్పుడే తీయాలంటే సెన్సర్ ఉండాల్సిందే.

ఏ కెమెరా అయితే మంచిది?

పాత డీఎస్ఎల్ఆర్. గంటల తరబడి ఊరికే కూర్చోవాలి కాబట్టి, తెర వెలగకుండా నిద్రపోగల కెమెరా కావాలి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో ఫోటో పట్టే సెన్సర్, తెర ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. పైగా వానకూ ధూళికీ బయట పెట్టేది. కొత్తది పెట్టడానికి మనసొప్పదు. కొనే ముందు రిమోట్ సాకెట్ ఉందో లేదో చూసుకోండి. నికాన్ డీ3500 లాంటి కొన్ని చౌక మోడళ్లలో అది లేదు.

## సామాను

ఏమేం కొనాలి? ఎంతవుతుంది?

హెచ్‌సీ-ఎస్ఆర్501 పీఐఆర్ సెన్సర్ ఒకటి, బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, పీసీ817 ఆప్టోకప్లర్ ఒకటి, 10 కిలోఓమ్, 1 కిలోఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, ఎర్ర ఎల్ఈడీ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, దానికి క్లిప్పు, చిన్న బ్రెడ్‌బోర్డు, కెమెరాకు సరిపోయే ప్లగ్గున్న తీగ. కెమెరా తీగను పక్కన పెడితే అన్నీ కలిపి ఐదు వందల లోపే. ట్రాన్సిస్టర్లు, ఆప్టోకప్లర్లు ఐదేసి తీసుకోండి. రూపాయల్లో దొరికేవే, ఒకటి కాలితే మళ్లీ బజారుకు పోనక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. కొట్లో "ఆప్టోకప్లర్" అని కాకుండా "పీసీ ఎనిమిది వందల పదిహేడు" అని నంబరు చెప్పండి, వెంటనే తీసిస్తారు.

ఆప్టోకప్లర్ బదులు రిలే పెట్టొచ్చా?

పనిచేస్తుంది, కానీ నేను పెట్టను. రిలే అంటే కాయిల్‌లో కరెంటు పారితే కదిలే స్విచ్. మామూలు 5 వోల్టుల రిలే పనిచేసేటప్పుడు 70 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆప్టోకప్లర్‌కు ఆరేడు చాలు. రిలే టక్కుమంటుంది కూడా. కెమెరా చప్పుడుకు ముందే ఇంకో చప్పుడు చేసి పిట్టను హెచ్చరించడం ఎందుకు? రిలేనే ఉందంటే దాని కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు తిరగేసి పెట్టండి, లేకపోతే ఆగినప్పుడల్లా వచ్చే ఎదురు వోల్టేజి ట్రాన్సిస్టర్‌ను తినేస్తుంది.

పవర్ బ్యాంకుతో నడిపితే కాసేపటికే ఆగిపోతోంది, ఎందుకు?

ఈ సెన్సర్ ఊరికే ఉన్నప్పుడు వాడేది 65 మైక్రో ఆంపియర్ల లోపు. పవర్ బ్యాంకు లెక్కలో అది సున్నా కిందే జమ. ఫోన్ తీసేశారనుకుని అర నిమిషంలో తనంతట తానే ఆరిపోతుంది. పవర్ బ్యాంకు చెడిపోలేదు, దాని తీరే అంత. 9 వోల్టుల బ్యాటరీ పెట్టుకోండి. ఇంత తక్కువ వాడకానికి వారాల తరబడి వస్తుంది.

## కెమెరా వైపు తీగ

కానన్ కెమెరాకు ఏ పిన్ ఏది?

1100డీ, 1200డీ, 1300డీ, 70డీ, 80డీ లాంటి వాటికి 2.5 మిల్లీమీటర్ల స్టీరియో ప్లగ్గు సరిపోతుంది. పాటల ఇయర్‌ఫోన్ ప్లగ్గు 3.5, ఇది దాని తమ్ముడు. ప్లగ్గు కొస షట్టర్, మధ్య రింగు ఫోకస్, వైరు దగ్గరున్న పొడుగు భాగం గ్రౌండ్. 5డీ, 6డీ, 7డీ వరుసలో కానన్ సొంత ఎన్3 సాకెట్ ఉంటుంది. దానికి ఈ ప్లగ్గు పట్టదు, ఆ రకం తీగే కొనాలి.

నాది నికాన్ (లేదా సోనీ). ఆ ప్లగ్గు విడిగా దొరకట్లేదు. ఎలా?

మీ మోడల్‌కు సరిపోయే చౌకరకం వైర్డ్ రిమోట్ కొని, బటన్ ఉన్న డబ్బాను కత్తిరించేయండి. లోపల మూడు తీగలుంటాయి. రంగులను నమ్మొద్దు. రెండు ఒకే రకం రిమోట్‌లలోనే రంగులు తారుమారుగా ఉండటం చూశాను.

కత్తిరించే ముందే డబ్బా విప్పి, మల్టీమీటర్‌ను బీప్ కొట్టే సెట్టింగ్‌లో పెట్టండి. బటన్ సగం నొక్కినప్పుడు ఏ రెండు తీగల మధ్య బీప్ వస్తుందో అవి గ్రౌండ్, ఫోకస్. మిగిలిన మూడోది షట్టర్. ఇక ఆ రెండింటిలో గ్రౌండ్ ఏది? ప్లగ్గు కెమెరాకు పెట్టి, కెమెరా ఆన్ చేసి, డీసీ వోల్టులు కొలవండి. మీటర్ నల్ల తీగ గ్రౌండ్ మీద ఉంటే మిగతా రెంటి మీదా ప్లస్ రీడింగ్ వస్తుంది, సాధారణంగా 3 వోల్టుల చుట్టుపక్కల. మైనస్ వచ్చిందంటే నల్ల తీగను వేరే చోట పెట్టారన్నమాట. తేలగానే తీగలకు కాగితం ముక్కలు అంటించి పేర్లు రాసేయండి. "గుర్తుంటుందిలే" అనుకుని రెండుసార్లు మళ్లీ కొలుచుకున్నవాణ్ణి నేను.

పాత ఇయర్‌ఫోన్ తీగ వాడితే టంకం అంటుకోవట్లేదు

ఆ సన్నటి తీగల మీద వార్నిష్ లాంటి పూత ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో మెరిసేది అదే. సోల్డరింగ్ ఐరన్ మొనమీద పెద్ద టంకం చుక్క నిలిపి, తీగ కొసను అందులో కొన్ని సెకన్లు ముంచండి. పూత పొగలా పోయి కొస వెండిలా మెరుస్తుంది. అగ్గిపుల్లతో కాల్చినా పోతుంది కానీ తీగ పెళుసుబారి తెగుతుంది.

## సర్క్యూట్ కట్టడం

ఏ కాలు ఎక్కడికి కలపాలో మాటల్లో చెప్పండి. సర్క్యూట్ బొమ్మలు నాకు అర్థం కావు

బ్యాటరీ ప్లస్ సెన్సర్ ప్లస్ పిన్‌కు, మైనస్ గ్రౌండ్ పిన్‌కు. ఈ పేర్లు బోర్డు మీద, తెల్లటి గుమ్మటం కిందే అచ్చయి ఉంటాయి. గుమ్మటాన్ని మెల్లగా లాగితే ఊడుతుంది, చూసి మళ్లీ పెట్టేయండి. తయారీదారును బట్టి వరుస మారుతుంది కనుక ఎవరి ఫోటోనో చూసి కలపకండి.

సెన్సర్ అవుట్‌పుట్ నుంచి 10 కిలోఓమ్ రెసిస్టర్ మీదుగా బీసీ547 నడిమి కాలికి, అంటే బేస్‌కు. ట్రాన్సిస్టర్ చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమది కలెక్టర్, కుడిది ఎమిటర్. ఎమిటర్‌ను బ్యాటరీ మైనస్‌కు కలపండి.

పీసీ817 మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటో కాలు. చుక్క ఎడమ పైమూలకు వచ్చేలా పట్టుకుంటే దాని కిందది రెండు, కుడివైపు కిందది మూడు, కుడివైపు పైది నాలుగు. బ్యాటరీ ప్లస్ నుంచి 1 కిలోఓమ్, ఆ తర్వాత ఎర్ర ఎల్ఈడీ పొడుగు కాలు, దాని పొట్టి కాలు నుంచి ఒకటో కాలికి. రెండో కాలు ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు. నాలుగో కాలు కెమెరా షట్టర్, ఫోకస్ తీగలు రెంటికీ. మూడో కాలు కెమెరా గ్రౌండ్‌కు.

కెమెరా గ్రౌండ్‌నూ బ్యాటరీ మైనస్‌నూ కలపకండి. గ్రౌండ్ అంటే గ్రౌండే కదా అని చాలామంది కలిపేస్తారు. కలిపితే ఆప్టోకప్లర్ పెట్టి ప్రయోజనం లేదు.

ఎర్ర ఎల్ఈడీ వెలుగుతోంది, కెమెరా మాత్రం కదలట్లేదు

ఎల్ఈడీ వెలిగిందంటే సెన్సర్, ట్రాన్సిస్టర్ బాగున్నట్టే. ఇక తప్పు కెమెరా వైపే ఉంది. నూటికి తొంభైసార్లు మూడు, నాలుగు కాళ్లు తారుమారై ఉంటాయి. వీటి గుండా కరెంటు ఒకవైపే పోతుంది కాబట్టి మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే కెమెరా మూడు తీగలనూ చేత్తో ఒకదానికొకటి తాకించండి. అలా తాకించినా ఫోటో పడకపోతే ప్లగ్గులోనో కెమెరా సెట్టింగ్‌లోనో ఉంది లోపం. ఆటోఫోకస్ ఆన్‌లో ఉండి, ఎదురుగా పట్టుకోవడానికి ఏమీ దొరక్కపోతే కెమెరా షట్టర్ వేయదు. లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కు మార్చేయండి.

బ్యాటరీ పెట్టగానే ఎవరూ లేకుండానే ఫోటోలు తీస్తోంది

కొత్తగా కరెంటు అందినప్పుడు ఈ సెన్సర్ సర్దుకోవడానికి నిమిషం దాకా పడుతుంది, ఈలోగా రెండు మూడుసార్లు ఊరికే ట్రిగ్గర్ అవుతుంది. బ్యాటరీ పెట్టి, నిమిషం ఆగి, పక్కకు తప్పుకుని, అప్పుడు కెమెరా తీగ గుచ్చండి.

సెన్సర్ మీదున్న రెండు నారింజ రంగు మరలు, చిన్న జంపర్ ఏమిటి?

ఒక మర దూరానికి. సుమారు 3 నుంచి 7 మీటర్ల దాకా పెంచుకోవచ్చు. రెండోది, ఒకసారి పసిగట్టాక అవుట్‌పుట్ ఎంతసేపు నిలవాలో చెబుతుంది. దాన్ని పూర్తిగా తగ్గించేయండి, మూడు సెకన్ల దగ్గర ఆగుతుంది. ఆ మూడు సెకన్లూ మనకు మంచిదే. నిద్రపోతున్న కెమెరా లేవడానికి టైము దొరుకుతుంది. సింగిల్ షాట్‌లో ఉంటే ఒక్క ఫోటోయే పడుతుంది, కంటిన్యువస్‌లో ఉంటే మూడు సెకన్లూ దంచుతుంది.

జంపర్ అంటే రెండు పిన్నులను కలిపే చిన్న టోపీ. అది హెచ్ వైపు ఉంటే కదలిక ఉన్నంతసేపూ అవుట్‌పుట్ ఆగదు, షట్టర్ బటన్ వదలకుండా నొక్కి పట్టినట్టవుతుంది. సింగిల్ షాట్‌లో మొదటి ఫోటో తర్వాత కెమెరా ఊరికే ఉండిపోతుంది. ఎల్ వైపు పెడితే మూడు సెకన్లకు వదిలేసి, కాసేపాగి, మళ్లీ పట్టుకుంటుంది. ఫోటోలకు ఎల్ మేలు.

## బయట పెట్టాక

కిటికీ అద్దం వెనక పెట్టాను. పిల్లి ఎదురుగా నడిచినా పట్టించుకోవట్లేదు

పీఐఆర్ చూసేది వెలుతురును కాదు, ఒంటి వేడిని. ఆ వేడి కిరణాల తరంగదైర్ఘ్యం పది మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది, మామూలు అద్దం వాటిని దాటనివ్వదు. మనకు అద్దం, దానికి గోడ. కెమెరాను లోపలే ఉంచి సెన్సర్‌ను మాత్రం కిటికీ బయటకు తెచ్చి పెట్టండి. వాన పడకుండా డబ్బాలో పెట్టాలనుకున్నా దాని ముందు అద్దం బిగించకండి, గుమ్మటం బయటకు వచ్చేలా కంత చేయండి.

ఎండాకాలం మధ్యాహ్నం అసలు పనిచేయట్లేదు

సెన్సర్ చెడిపోలేదు. జీవి ఒంటి వేడికీ, వెనకున్న గోడ వేడికీ మధ్య తేడా ఉంటేనే దానికి తెలుస్తుంది. మే నెలలో మన దగ్గర గాలే 42 డిగ్రీలుంటే, ఎండకు కాలిన గోడ ఇంకా ఎక్కువుంటే, 38, 39 డిగ్రీల ముంగిస ఆ వేడిలో కలిసిపోతుంది. నీడలో ఉన్న మట్టి నేల వైపు సెన్సర్‌ను తిప్పండి. లేదా పొద్దున్న, సాయంత్రం మాత్రమే పెట్టండి. నడిమధ్యాహ్నం జీవాలు కూడా ఎక్కడో నీడన పడుకునే ఉంటాయి.

ఒక్క రోజులో వందల ఫోటోలు, ఒక్కదాంట్లోనూ జీవి లేదు

నాకు మొదటిరోజు 312 పడ్డాయి, అన్నింట్లోనూ దండెం మీద ఆరేసిన నీలం చీర. ఎండకు వేడెక్కిన బట్టగానీ ఆకుగానీ గాలికి ఊగితే సెన్సర్‌కు అది వేడి కదలికే.

ఈ గుమ్మటం 110 డిగ్రీలకు పైగా వెడల్పుగా చూస్తుంది, మన లెన్స్ చూసేది అందులో కొంతే. అంగుళం పైన వెడల్పున్న పీవీసీ గొట్టం ముక్కను అరచేయంత పొడుగు కోసి గుమ్మటం ముందు తొడగండి. చూపు ఇరుకై, తొట్టి ఉన్నంత మేరకే కాపలా కాస్తుంది. దూరం మరను కూడా తగ్గించండి. ఇంకో సంగతి: ఈ సెన్సర్ తనవైపు నేరుగా వచ్చేదానికన్నా అడ్డంగా దాటేదాన్ని బాగా పడుతుంది. జీవి నడిచే దారికి పక్కనుంచి పెట్టండి, ఎదురుగా కాదు.

ఫోటో పడేసరికి జీవి ఫ్రేములోంచి వెళ్లిపోతోంది

పీఐఆర్ నిదానపు సెన్సర్, దానికితోడు కెమెరా నిద్రలో ఉంటే ఇంకా ఆలస్యం. రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, జీవి ఫ్రేములోకి రాకముందే సెన్సర్‌కు కనబడేలా పెట్టడం. రెండోది, అది ఆగేలా చేయడం: నీళ్లో, నాలుగు గింజలో ఉంటే నిమిషమైనా నిలుస్తుంది. కెమెరా ఆటో పవర్ ఆఫ్ తీసేస్తే ఇంకొంత కలిసొస్తుంది, కానీ బ్యాటరీ సంగతి చూసుకోవాలి. ఎగిరే పిట్టకు మాత్రం పీఐఆర్ పనికిరాదు.

తీగలు, డబ్బా ఎలా కాపాడుకోవాలి?

టిఫిన్ డబ్బా చాలు. తీగలు కింది వైపు నుంచి బయటకు రావాలి, పైనుంచి వస్తే వాన నీరు తీగ వెంటే లోపలికి జారుతుంది. మా ఇంట్లో వానకన్నా ఉడుతే ఎక్కువ నష్టం చేసింది, కెమెరా తీగను రెండుచోట్ల కొరికేసింది. ఇప్పుడు తీగను కరెంటువాళ్లు వాడే సన్న పైపులో దూర్చి పెడుతున్నాను. గుమ్మటం మీద బల్లి పాకుతోందేమో కూడా రోజూ ఒకసారి చూడండి.

దీన్ని అడవిలో పెట్టొచ్చా?

అభయారణ్యాలు, టైగర్ రిజర్వుల్లో అనుమతి లేకుండా పెట్టకూడదు. ఫోటోగ్రఫీకి వెళ్లాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద పర్మిట్ తీసుకోవాలి. నల్లమలలో ఎవరికీ తెలియకుండా చెట్టుకు కట్టి వద్దామనుకుంటే అది కేసయ్యే పని. అక్కడ అటవీ శాఖవాళ్ల కెమెరాలే ఉంటాయి. 2018 పులుల గణనకు దేశం మొత్తం మీద 26,838 చోట్ల ఇలాంటి ట్రాప్ కెమెరాలు పెట్టారు, గిన్నిస్ బుక్‌లోకి కూడా ఎక్కింది. మనకు పెరడు, పొలం గట్టు, మేడ మీద కుండీలు చాలు. పక్కింటివాళ్ల కిటికీ మాత్రం ఫ్రేములోకి రానివ్వకండి.

సెన్సర్లు లేని రోజుల్లో ఇదే పని తాడుతో చేసేవారు. ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగేలా చేసి తీసిన ఫోటోలు 1925లో లండన్ పత్రికలో అచ్చయ్యాయి. ఆయన తీగ కూడా చేసింది స్విచ్ పనే.

## ఇంకో అడుగు వేయాలనుకుంటే

సెన్సర్ తీసేసి, ఎనిమిది సెకన్లకొక ఫోటో పడేలా చేయొచ్చా?

ఎన్ఈ555 టైమర్ ఐసీతో చేయొచ్చు. మామూలు అస్టేబుల్ (తనంతట తానే ఆన్, ఆఫ్ అవుతూ ఉండే) పద్ధతిలో మొదటి రెసిస్టర్ 100 కిలోఓమ్, రెండోది 10 కిలోఓమ్, కెపాసిటర్ 100 మైక్రోఫారడ్ పెడితే అవుట్‌పుట్ సుమారు 7.6 సెకన్లు పైన (వోల్టేజి ఉండి), 0.7 సెకన్లు కింద (వోల్టేజి లేకుండా) ఉంటుంది. మనకు కావాల్సిన నొక్కుడు ఆ కిందున్న 0.7 సెకన్లే. కాబట్టి ఆప్టోకప్లర్ ఒకటో కాలును 1 కిలోఓమ్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కు, రెండో కాలును 555 అవుట్‌పుట్‌కు కలపాలి. తిరగేసి కడితే ఏడున్నర సెకన్లు బటన్ నొక్కే ఉంచుతుంది. మొదటి ఫోటోకు పన్నెండు సెకన్లు పడితే కంగారు వద్దు, ఖాళీ కెపాసిటర్ అడుగు నుంచి నిండాలి కదా. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో 20 శాతం తేడా మామూలే కనుక లెక్క అచ్చంగా కుదరదు.

ఎగిరే పిట్టను పట్టాలంటే లేజర్, ఎల్డీఆర్ చాలా?

లేజర్ సరే, ఎల్డీఆర్ (వెలుతురును బట్టి విలువ మారే రెసిస్టర్) వద్దు. పిట్ట కిరణానికి అడ్డొచ్చి వెలుతురు మారిన సంగతి చెప్పడానికే దానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఫోటోట్రాన్సిస్టర్ మైక్రోసెకన్లలో చెప్పేస్తుంది. అయినా అసలు ఆలస్యం కెమెరాదే: కెమెరా లోపలి అద్దం లేచి షట్టర్ తెరుచుకునేసరికి 80 మిల్లీసెకన్లు అయిందనుకోండి, సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే పిట్ట 80 సెంటీమీటర్లు దాటిపోతుంది. అందుకే లేజర్ గీతను ఫోకస్ పెట్టిన చోట కాకుండా, అంత దూరం ముందే గీయాలి. కిరణం మనుషుల కంటికీ పిట్టల కంటికీ నేరుగా తగలని ఎత్తులో, కోణంలో ఉండాలి.

పాత ఫ్లాష్‌ను కూడా ఇదే ఆప్టోకప్లర్‌తో వెలిగించొచ్చా?

వద్దు. పాత ఫ్లాష్‌లు కొన్నింటి ట్రిగ్గర్ కొసల మధ్య 200 వోల్టులకు పైగా ఉంటుంది. పీసీ817 రకాన్ని బట్టి 35 నుంచి 80 వోల్టుల దాకానే తట్టుకుంటుంది. ఆ ఫ్లాష్‌ను కొత్త కెమెరా మీద పెట్టినా ఇబ్బందే. ముందు మీటర్‌తో కొలవండి.

డీఎస్ఎల్ఆర్ లేదు, ఫోన్‌తో కుదురుతుందా?

కుదురుతుంది. బ్లూటూత్ సెల్ఫీ రిమోట్ ఒకటి కొని, విప్పి, బటన్ కిందున్న రెండు కొసలకు రెండు తీగలు సోల్డర్ చేయండి. బటన్ నొక్కనప్పుడు ఆ రెంటి మధ్య వోల్టేజి కొలిచి, ప్లస్ వచ్చినదానికి ఆప్టోకప్లర్ నాలుగో కాలు, రెండోదానికి మూడో కాలు కలపండి. చిక్కల్లా ఫోన్‌తోనే: కెమెరా యాప్ తెరిచి, తెర వెలుగుతూనే ఉండాలి. ఛార్జర్ దగ్గర్లో ఉన్న బాల్కనీకైతే ఫర్వాలేదు.